ఆకలియు ఆబయు

సాయంకాలము నాలుగు గంటల వేళ మా వీథి మలుపున బండివాడు మూకుడులో నూనె కాచి మిరపకాయ బజ్జీల తొలి వాయ వేయును. ఆ చప్పుడు నా గదిలోనికి వినరాదు కాని, ఆ వాసన మాత్రము మూసిన కిటికీలను లెక్కసేయక, నేను వ్రాయుచున్న కాగితము మీదికి వచ్చి కూర్చుండును. మధ్యాహ్నము పన్నెండున్నరకు పప్పు, కూర, చారు, మజ్జిగలతో సంతృప్తిగా భోజనము చేసినవాడను. మూడున్నర గంటలలో నా శరీరమునకు ఇంధనము కొరవడినదనుటకు శాస్త్రీయమైన ఆధారమేదియు లేదు. అయినను ఆ క్షణమున నాకు ఆకలి వేయుచున్నదని ప్రమాణము చేసి చెప్పగలను. అప్పుడు మా ఇంటిలోనివారు గిన్నెడు పెసల గుగ్గిళ్లు తెచ్చి ముందు పెట్టినచో, "ఇప్పుడేమియు వద్దులే" అని త్రోసిపుచ్చుదును. ఆకలిగొన్నవాడు గుగ్గిళ్లను కాదనుట ఎట్లు?

ఆకలి రుచి ఎరుగదను సామెతను మనవారు సాధారణముగా వంట బాగులేదని సణుగు పిల్లలను మందలించుటకు వాడుదురు కాని, నా దృష్టిలో అది రోగనిర్ణయమునకు పనికివచ్చు ఒక పరీక్ష. చద్దియన్నమైనను, ఉడికిన దుంపయైనను, ఉప్పు తక్కువైన పప్పైనను సరే యనునది ఆకలి. బజ్జీయే కావలెను, అదియు వేడిగానే కావలెను, గుగ్గిళ్లు పనికిరావు అనునది ఆకలి కాదు. దానికి తెలుగున వేరొక పేరు కలదు: ఆబ. సంస్కృతప్రియులు దానినే జిహ్వచాపల్యమందురు. కోపిష్ఠులు కక్కుర్తి యందురు. ఆకలికి నెలవు కడుపు, అది నకనకలాడును. ఆబకు నెలవు నోరు, అది ఊరును. భాష ఇంత స్పష్టముగా వేరుచేసి పెట్టిన ఈ రెండింటిని, బరువు తగ్గవలెనని దీక్ష పట్టినవారిలో అధికసంఖ్యాకులు ఒకటిగా భావించి, ఆకలిని ఆబ యనుకొని అణచుటకును, ఆబను ఆకలి యనుకొని తీర్చుటకును ప్రయత్నించి, రెండు విధములను నష్టపడుచున్నారు. ఆకలికి అన్నము పెట్టవలెను. ఆబకు గడువు పెట్టవలెను. ఈ అధ్యాయమంతయు ఈ ఒక్క వాక్యమునకు వ్యాఖ్యానము.

ఇచ్చట ఒక హెచ్చరిక అవసరము. మధుమేహమునకు ఇన్సులిన్ గాని, రక్తములోని చక్కెరను బలముగా దించు మాత్రలు గాని వాడువారికి, అకస్మాత్తుగా చెమటలు పట్టి, చేతులు వణకి, కళ్లు చీకట్లు క్రమ్మి వేయు ఆకలి పరీక్షలకు నిలుచునది కాదు. అప్పుడు సామెతలు తలచుచు కూర్చుండక వెంటనే చక్కెర నోట వేసుకొనవలయును.

ఆకలి ఎచ్చట పుట్టునను ప్రశ్నకు పూర్వులు జఠరాగ్ని యని సమాధానము చెప్పిరి. భీమసేనునికి వృకోదరుడని పేరిడి, ఆ యగ్నికి ఒక మహాకాయమును నివాసముగా చూపిరి. పాశ్చాత్యులును చిరకాలము కడుపునే అనుమానించిరి. 1912లో హార్వర్డు విశ్వవిద్యాలయమున వాల్టర్ కానన్ అను శరీరశాస్త్రజ్ఞుడును, ఆయన శిష్యుడు వాష్‌బర్నును చేసిన ప్రయోగము తలచుకొనినపుడెల్ల నాకు ఆ శిష్యుని మీద జాలి కలుగును. అతడు దినదినమును ఒక రబ్బరు గొట్టమును గొంతులోనికి దింపుకొనుట అభ్యసించి, దాని కొనను కట్టిన బుడగను కడుపులో గాలితో నింపించుకొని, ఆకలి పోటు కలిగినపుడెల్ల ఒక మీటను నొక్కుచు కూర్చుండెను. బుడగ మీది ఒత్తిడిని ఒక యంత్రము గీతలుగా గీయుచుండెను. ఆ గీతలను మీట గుర్తులతో సరిపోల్చగా, కడుపు బలముగా ముడుచుకొనినప్పుడే ఆకలి పోటు కలుగుచున్నదని తేలినది. కడుపులో ఎలుకలు పరుగెత్తుచున్నవని మనమనునది ఈ ముడుచుకొనుటనే. గమనింపదగిన విషయమేమనగా, ఆ గీతలు ఎడతెగని కొండవలె గాక, లేచుచు పడుచు, నడుమ నడుమ ప్రశాంతముగా నుండెను. ఆకలి పోటు కొంతసేపుండి, దానంతట అది తగ్గి, మరల వచ్చును.

కాని కడుపే ఆకలికి మూలమైనచో, వ్యాధివలన కడుపును శస్త్రచికిత్సచే తొలగించుకొనినవారికి ఆకలియే ఉండరాదు. వారికిని ఉండును. కావున పరిశోధకులు కడుపు నుండి తలలోనికి ప్రయాణము కట్టవలసివచ్చినది. మెదడు అడుగుభాగమున హైపోథాలమస్ అను చిన్న ప్రదేశము కలదు. 1940లో హెథరింగ్టన్, రాన్సన్ అను ఇరువురు ఎలుకలలో దాని మధ్యభాగమును చెరుపగా, అవి విపరీతముగా బలిసిపోయినవి. 1951లో బాలకృష్ణ ఆనంద్ అను భారతీయ శాస్త్రజ్ఞుడు, అమెరికాలో యేల్ విశ్వవిద్యాలయమున జాన్ బ్రోబెక్కుతో కూడి, ఆ ప్రదేశపు ప్రక్కభాగమును చెరిపిచూచెను. ఎదుట ఆహారమున్నను ఆ ఎలుకలు ముట్టక కృశించినవి. తరువాత ఢిల్లీలోని అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థలో శరీరధర్మశాస్త్ర శాఖను నెలకొల్పిన ఆచార్యుడు ఈయనయే. ఆకలి చరిత్రలో మన దేశపు పేరు కరవుల పట్టికలోనే గాక ప్రయోగశాలల పట్టికలోను కలదని చెప్పుకొనుటకు ఈ ఒక్క ఉదాహరణము నాకెంతో సంతోషము కలిగించును. ఈ కేంద్రముల కథ అనంతర పరిశోధనలలో మిక్కిలి జటిలమైనది. ఒక మీట ఆకలికి, మరొక మీట తృప్తికి అను సరళచిత్రము నేడు నిలువదు. మెదడు దేహమంతటి నుండి వచ్చు వార్తలను వినుచున్నదనునది మాత్రము నిలిచినది.

ఆ వార్తాహరులలో ఒకటి, జపాను శాస్త్రజ్ఞులు కోజిమా, కంగావా 1999లో కనుగొనిన ఘ్రెలిన్. ఇది ముఖ్యముగా కడుపు గోడలలో పుట్టి, రక్తమున ప్రవహించి, మెదడునకు ఆకలిని తెలుపును. భోజనమునకు ముందు ఇది పెరుగును, భోజనానంతరము తగ్గును. ఇంతవరకు వింత లేదు. వింత యేమనగా, ఒక దినమునకు పైగా ఏమియు తినకుండ ఉంచినవారిలో కూడ, వారికి అలవాటైన భోజనవేళలలో ఘ్రెలిన్ పెరిగి, భోజనము పెట్టకున్నను, కొంతసేపటికి తనంతట తానే దిగిపోయినది. ఏకాదశియో శివరాత్రియో ఉపవాసమున్న మన ముత్తైదువలను అడిగినచో, ఏ ప్రయోగశాలయు లేకయే ఈ మాట చెప్పగలరు: పన్నెండు గంటలకు ప్రాణము పోవునట్లుండును, మూడు గంటలకు ఏమియు ఉండదు. రంజాను మాసమున మొదటి వారము దుర్భరమై, తరువాత అలవాటగునని నా ముస్లిము మిత్రులును చెప్పుదురు. ఆకలికి గడియారము తెలియును. దానిని మనమే నేర్పితిమి. నాలుగు గంటలకు ప్రతిదినము బజ్జీ తిన్నవానికి నాలుగు గంటలకే ఆకలి వేయును. వేళలను మార్చువాడు తొలి దినములలో బాధపడుట తప్పదు కాని, ఆ బాధ రేపును ఎల్లుండియు ఇట్లే పెరుగుచు పోవునను భయము నిరాధారము.

ఇది ఆకలిలో తేలికైన భాగము. కష్టమైన భాగము వేరు.

1944 నవంబరులో, రెండవ ప్రపంచయుద్ధము ముగియక ముందే, అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయమున ఆన్సెల్ కీస్ అను పరిశోధకుడు, యుద్ధానంతరము ఐరోపాలో అన్నార్తులకు ఏ విధముగా ఆహారమిచ్చి కోలుకొనజేయవలెనో తెలిసికొనుటకై, మనస్సాక్షి అంగీకరింపక ఆయుధము పట్టుటకు నిరాకరించిన 36 మంది ఆరోగ్యవంతులైన యువకులను స్వచ్ఛందముగా చేర్చుకొని, 24 వారములు అర్ధాశనముతో ఉంచెను. వారికి దినమునకిచ్చినది సుమారు 1,570 కేలరీలు, రొట్టె, బంగాళాదుంపలు, క్యాబేజీ, ముల్లంగి జాతి దుంపలు, రెండు పూటలు. దానితో వారము వారము 22 మైళ్లు నడువవలెను. ఆరునెలలు గడచునప్పటికి వారి బరువులో నాలుగవవంతు తరిగిపోయినది. కాని బరువు కంటె వారి బుద్ధికి పట్టిన గతి నన్ను ఆకర్షించినది. రాజకీయములు, మతము, స్త్రీలు మొదలైన సమస్తవిషయములందును ఆసక్తి సన్నగిల్లి, వారి సంభాషణయు స్వప్నములును భోజనము చుట్టునే తిరుగసాగినవి. వంటపుస్తకములను నవలలవలె చదివిరి. పళ్లెములను నాకిరి. ఉన్న కొంచెము ఆహారమును నీటితో పలుచజేసి, కలిపి, విడదీసి, గంటల తరబడి తినిరి. ప్రయోగము ముగిసిన తరువాత కడుపార పెట్టినను చాలకాలము తృప్తి యెరుగక, మితిమీరి భుజించిరి. కీస్ ఈ వృత్తాంతమునంతయు 1950లో రెండు బృహత్సంపుటములుగా ప్రకటించెను.

ఆ యువకులు నిగ్రహము లేనివారు కారు. సిద్ధాంతము కొరకు లోకనిందకు ఓర్చుకొనినవారు. అట్టివారినే వంటపుస్తకములకు దాసులుగా చేసినది అర్ధాశనము. ఇప్పుడు పత్రికల వెనుకపుటలలోను, వ్యాయామశాలల గోడల మీదను, 1,200 కేలరీలని, 1,000 కేలరీలని నిర్భయముగా వ్రాసి పంచు ఆహారపట్టికలను చూచునపుడు, ఆ 1,570 నాకు గుర్తుకు వచ్చును. పొట్టివారికి, కదలక కూర్చుండువారికి ఖర్చు తక్కువ కావచ్చును. అయినను, ఆ పట్టిక ననుసరించి పదునైదవ దినమున అర్ధరాత్రి వంటగదిలో సున్నియుండల డబ్బా మూత తీయుచు పట్టుబడిన గృహిణి తన శీలమును నిందించుకొనుట కంటె, తన పట్టికను నిందించుట న్యాయము.

శరీరమునకు వ్రతమునకును కరవునకును భేదము తెలియదు. గుంటూరు మండలమును 1832-33లో పీడించిన నందన కరవును, 1876-78లో రాయలసీమను నాశనము చేసిన ధాత కరవును మన ముత్తాతల తరములు అనుభవించినవి. ఆ రెండవ కరవున పని శిబిరములలోని కూలీలకు దినమునకు ఒక పౌను ధాన్యము విలువ చాలునని ఆంగ్ల ప్రభుత్వపు ప్రతినిధి సర్ రిచర్డ్ టెంపుల్ నిర్ణయింపగా, మద్రాసు ఆరోగ్యాధికారి కార్నిష్ అది మనుష్యుని నిలుపజాలదని వాదించెను. మనుష్యజాతి చరిత్రలో బరువు తగ్గుట యనునది సహస్రాబ్దముల పర్యంతము అపాయసూచనయే గాని ఆరోగ్యసూచన కాదు. కావుననే కొవ్వు తగ్గుచున్నదను వార్త అందినంతనే దేహము తలుపులు మూసికొని, దీపములు తగ్గించి, ఆకలి గంటను మ్రోగించును.

ఆ వార్తను మోయునది లెప్టిన్. అమెరికాలో బార్ హార్బర్‌లోని జాక్సన్ ప్రయోగశాలలో 1949లో, ఎంత తిన్నను ఆకలి తీరక బంతివలె ఊరిన ఒక జాతి చిట్టెలుకలు కనబడినవి. డగ్లస్ కోల్మన్ అను శాస్త్రజ్ఞుడు అట్టి ఎలుక రక్తప్రవాహమును మామూలు ఎలుక రక్తప్రవాహముతో కలిపి కుట్టగా, స్థూలకాయపు ఎలుక తిండి తగ్గించినది; మామూలు ఎలుక రక్తమున నున్న ఏదో పదార్థము దీనికి లేదని ఆయన ఊహించెను. 1994లో న్యూయార్కున జెఫ్రీ ఫ్రీడ్మన్ బృందము ఆ పదార్థమును కనుగొని, సన్నని యను అర్థముగల గ్రీకుపదము నుండి లెప్టిన్ అని నామకరణము చేసినది. కొవ్వుకణములే దానిని స్రవించును. స్థూలకాయులందరికి లెప్టిన్ సూదిమందు వేసి సన్నబరుపవచ్చునని లోకము ఉప్పొంగినది. ఆశ ఫలింపలేదు, ఏలయన వారిలో అత్యధికులకు లెప్టిన్ పుష్కలముగనే కలదు. మెదడు దాని ఆధిక్యమును అంతగా పట్టించుకొనదు. తరుగుదలను మాత్రము తక్షణము పట్టుకొనును. 2011లో మెల్బోర్న్ పరిశోధకులు, పదివారముల కఠినాహారముచే బరువు తగ్గిన 50 మందిని సంవత్సరము పిదప పరీక్షింపగా, లెప్టిన్ తగ్గుదలయు, ఘ్రెలిన్ పెరుగుదలయు, ఆకలి ఆధిక్యమును ఇంకను కొనసాగుచున్నట్లు తేలినది. తగ్గిన బరువు మరల వచ్చినవానిని చూచి నవ్వువారు ఈ ఒక్క వాక్యమును చదివి నవ్వుట మంచిది.

ఇటీవల సూదిమందుగా వచ్చిన సెమాగ్లుటైడ్ వంటి ఔషధములు ఈ వార్తల వ్యవస్థలోనే జోక్యము చేసికొనును. అమెరికా ఎడారులలోని గిలా అను విషపుబల్లి లాలాజలమున 1990 ప్రాంతముల దొరికిన ఒక పదార్థము ఈ మందుల జాతికి దారిచూపినది. వీనిని వాడినవారు తలలో ఎడతెగక సాగు తిండిగోల సద్దుమణిగినదని చెప్పుదురు. ఆ గోల శీలదోషము కాదనుటకు ఇంతకంటె సాక్ష్యము వలయునా? మాని వేసినచో పోయిన బరువులో చాలభాగము తిరిగి వచ్చును. వీని యోగ్యతాయోగ్యతలు వైద్యుని ఎదుట తేల్చుకొనవలసినవి, ఇచ్చట వదలివేయుదము.

సరే, ఆకలికి అన్నము పెట్టవలెనంటిమి. ఏ అన్నము? 1995లో సిడ్నీ విశ్వవిద్యాలయమున సుసానా హోల్ట్ అను పరిశోధకురాలు, 38 రకముల ఆహారములను, ఒక్కొక్కటి 240 కేలరీల చొప్పున సమానముగా పెట్టి, రెండు గంటలపాటు ఎవరి కడుపు ఎంత నిండియున్నదో కనుగొనెను. తెల్లరొట్టెను నూరుగా లెక్కించినచో, ఉడికించిన బంగాళాదుంప మూడువందలు దాటినది. వెన్నతో పొరలు పొరలుగా చేయు క్రాసాంట్ యాబదిని అందుకొనలేదు. నీరు, పీచు, మాంసకృత్తులు ఉన్నవి కడుపు నింపును. కొవ్వు దట్టించినవి నోటిని మాత్రము నింపును. బరువు తగ్గుటకు దుంపలు మానవలెనను లోకోక్తి, ఉడికిన దుంపకును వేపిన దుంపకును నడుమనున్న నూనె మూకుడును మరచినది.

మనవారి భోజనమున ఉపాయములన్నియు ఉన్నవి. నిష్పత్తి మాత్రము చెడినది. అన్నము కొండయై, కూర ఆ కొండకు పెట్టిన బొట్టయినది. కూర రెండింతలు చేసి, అన్నము సగము చేసి, పప్పును గట్టిగా వండుకొనినచో, విస్తరి చూచుటకు నిండుగనే ఉండును, కడుపును నిండుగనే ఉండును. చారు విషయమున నాకొక పక్షపాతము కలదు, దానికి శాస్త్రము యొక్క మద్దతును కలదు. 1999లో అమెరికాలో బార్బరా రోల్స్ బృందము, ఒకే పదార్థములను ఒకసారి గట్టి కూరగను, ఒకసారి ఆ కూరతో పాటు గ్లాసెడు నీటితోను, మరొకసారి ఆ నీటినే అందు కలిపి పులుసుగను పెట్టి చూచినది. ప్రక్కన త్రాగిన నీరు ఆకలిని తగ్గింపలేదు; కలిపి కాచిన నీరు తగ్గించినది, తరువాతి భోజనమున వారు తక్కువ తినిరి. కావున ఆకలి వేసినపుడు నీళ్లు త్రాగుమను ఉపదేశము కంటె చారు త్రాగుమను ఉపదేశము మేలైనది. పెండ్లి విస్తరిలో చారు వచ్చువేళకు గారెలు, పులిహోర, బూరెలు కడుపున స్థిరపడియుండును. ఇంటిలోనైనను దానిని ముందునకు జరుపుకొనుటకు పురోహితుని అనుమతి అవసరము లేదు.

నిద్రను గూర్చి ఒక్క మాట. చికాగో విశ్వవిద్యాలయమున 12 మంది యువకులను రెండు రాత్రులు నాలుగేసి గంటలు మాత్రమే నిద్రపోనీయగా, పదేసి గంటలు పండుకొననిచ్చినప్పటి కంటె వారి లెప్టిన్ తగ్గి, ఘ్రెలిన్ పెరిగి, తీపి పదార్థముల మీదికిని ఉప్పని చిరుతిండ్ల మీదికిని మనసు పోయినది. రాత్రి పన్నెండు దాకా మేల్కొని మరునాడు ఆహారనియమము పాటించుదుననువాడు చిల్లికుండతో నీరు మోయుచున్నాడు.

ఇక ఆబ. ఇది ఇంధనపు లోటు వలన పుట్టునది కాదు. గుర్తు వలన పుట్టునది. పావ్లోవ్ కుక్కలు సంకేతము వినినంతనే చొంగ కార్చిన కథ పాఠకులెరిగినదే. ఎరుగనిది, ఆ తరువాత మనసున జరుగు పని. ఇంగ్లండులో ప్లిమత్ విశ్వవిద్యాలయపు మనస్తత్త్వవేత్తలు దీనిని చక్కగా విశదీకరించిరి: మొదట ఒక తలపు తటాలున తోచును, దానిని మనసు పట్టుకొని, రంగు పూసి, వాసన చేర్చి, పంటి క్రింద కరకర శబ్దమును కూడ కల్పించి, ఒక చిత్రముగా తీర్చును, ఆ చిత్రము ఎంత స్ఫుటమైన ఆబ అంత తీవ్రము. కావున చిత్రలేఖకుని చేతికి వేరు పని చెప్పినచో చిత్రము మాసిపోవును. వారు ఇందుకై, రంగు దిమ్మెలను పేర్చు టెట్రిస్ ఆటను కొలది నిమిషములు ఆడించి చూడగా, కోరికల తీవ్రత తగ్గినది. మన ఇండ్లలో ముగ్గు వేయుట, పూలు గ్రుచ్చుట, చదరంగము ఆడుట ఇవియు కంటికి, చేతికి పని కల్పించునవే. ఇవియు పనిచేయునని నా అనుమానము.

చేయరానిది మాత్రము ఒకటి కలదు: తలచుకొనను అని పంతము పట్టుట. మందు త్రాగునపుడు కోతిని తలచుకొనవద్దని వైద్యుడు చెప్పగా, ఆ రోగికి జన్మలో ఎన్నడును రాని కోతి ప్రతి గుక్కకును వచ్చి ఎదుట కూర్చున్న కథ మన ఇంట ఇంట వినబడునదే. 1987లో డేనియల్ వెగ్నర్ అను అమెరికను మనస్తత్త్వవేత్త, కోతికి మారుగా తెల్ల ఎలుగుబంటిని తలచుకొనవలదని విద్యార్థులకు చెప్పి, వారు తలచుకొనినపుడెల్ల గంట కొట్టుమని ప్రయోగము చేసెను. గంట మ్రోగుచునే యుండినది. పైగా ఆ తరువాత యథేచ్ఛగా తలచుకొనవచ్చుననగా, మొదటి నుండి స్వేచ్ఛ ఉన్నవారి కంటె ఎక్కువగా తలచుకొనిరి. బజ్జీయే ఆ ఎలుగుబంటి. దానిని గెంటుటకు ప్రయత్నింపక, వచ్చినదని గుర్తించి, వీథిలో పోవు బంధువును అరుగు మీద నుండి పలుకరించినట్లు పలుకరించి, చేయుచున్న పని చేసికొనుచున్నచో, అది కొంతసేపు నిలిచి తన దారిని పోవును. నేను గడియారము దగ్గర పెట్టుకొని చూచితిని. నా ఆబకు సాధారణమైన ఆయుర్దాయము పావుగంట. పండుగ దినములలో కొంచెము దీర్ఘాయువు.

ఇంతకంటె చిత్రమైన ప్రయోగము 2010లో మోర్‌వెడ్జ్ మొదలైనవారు ప్రకటించినది. చాకొలెట్ బిళ్లలను ఒకటొకటిగా ముప్పది పర్యాయములు తినినట్లు మనసున ఊహించుకొనుమని చెప్పబడినవారు, మూడుమారులే ఊహించుకొనినవారి కంటె, తరువాత నిజముగా పళ్లెము ముందు పెట్టినపుడు తక్కువ తినిరి. చూచినట్లు ఊహించుట వలన ఆబ పెరుగును. ఒక్కొక్కటియు నమలి మ్రింగినట్లు, ఓపికగా, విసుగు పుట్టువరకు ఊహించుట వలన తరుగును. మానసపూజలో భావనానైవేద్యము సమర్పించు సంప్రదాయము గల మనకు ఈ ప్రయోగము వింతగా తోపదు. ఆ పూజలో మనము దేవునికి పెట్టినదానిని తరువాత మనమే తినుటయు లేదు కదా.

కడుపు నిండినవానికి గారెలు చేదు అందురు. గారెలు చేదగును, నిజమే. కాని పాయసము చేదు కాదు. ఆక్స్‌ఫర్డున రోల్స్ దంపతులు 1981 ప్రాంతమున నిరూపించినదిదే: తిన్న రుచి మీద మాత్రమే విరక్తి పుట్టును, తినని రుచి మీద అనురాగము తాజాగా నిలిచియుండును. ఇరువది పదార్థముల పెండ్లి విస్తరి ముందు మనుష్యుడు ఇరువది మారులు క్రొత్తగా ఆకలిగొనును. ఇంటి పూట రెండు మూడు పదార్థములకు పరిమితమగుటలో గల లాభమిది. సంచులలో మూటగట్టి అమ్ము కర్మాగారపు తినుబండారములు ఈ బలహీనతను ఎరిగి చేసినవి. 2019లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలలో కెవిన్ హాల్, 20 మందిని రెండేసి వారములు ఇంటి వంట వంటి సాదా ఆహారముతోను, కర్మాగారపు ఆహారముతోను ఉంచి, ఎంత కావలసిన అంత తినుడనగా, కర్మాగారపు ఆహారము పెట్టినపుడు దినమునకు సుమారు 500 కేలరీలు అధికముగా తినిరి. చక్కెర, కొవ్వు, పీచు, ఉప్పు రెంటను సమానముగా వడ్డించినను!

ఇక దీక్ష భంగమగు ఘట్టము. 1975లో హెర్మన్, మాక్ అను పరిశోధకులు రుచి చూచు పరీక్ష యను నెపమున కొందరికి ముందుగా చిక్కని మిల్క్‌షేకులు త్రాగించి, తరువాత ఐస్‌క్రీము పెట్టిరి. ఆహారనియమము లేనివారు, కడుపు నిండినది గనుక, తక్కువ తినిరి. నియమము పాటించువారు అధికముగా తినిరి! నియమము ఎటులను చెడినదిగదా యని. మునిగినవానికి చలి యేమిటని మనవారనునది ఈ మనఃస్థితినే. నాకు దీనిని నేర్పినది ఒక పెండ్లి. బంతిలో మొదటి బొబ్బట్టును గట్టిగా నిరాకరించితిని. మా వదినగారు చేతితో నేతి గిన్నె పట్టుకొని వచ్చి, "ఏమండీ మరిదిగారూ, నా చేతితో పెట్టినది కూడ వద్దంటారా? ఒక్కటి వేసుకోండి, ఒక్కటితో ఏమౌతుంది?" అనిరి. ఒక్కటితో నిజముగా ఏమియు కాదు. ఆమె శాస్త్రము నిర్దుష్టము. కాని ఆ ఒక్కటి తిన్న పిదప, ఈ దినము పోయినదే గదా, రేపటి నుండి చూచుకొందమని, అడుగకుండగనే మరి మూడు వేయించుకొంటిని. నన్ను ముంచినది మొదటి బొబ్బట్టు కాదు, మునిగితినను భావన.

అప్పటి నుండి నా పట్టికలో నిషిద్ధమను శబ్దము తీసివేసితిని. నాలుగు గంటలకు ముందే, మూడున్నరకు, ఉల్లిపాయ, నిమ్మరసము కలిపిన గుగ్గిళ్లు ఒక గిన్నెడు, ఉప్పు వేసిన పలుచని మజ్జిగ ఒక చెంబెడు నా బల్ల మీదికి వచ్చును. ఆకలి యున్నచో అవి చెల్లించును. నాలుగు గంటలకు వాసన వచ్చినపుడు ఇక ఆకలియను నెపము దానికి దొరకదు. వచ్చిన అతిథి ఎవరో ముఖము చూచి గుర్తింపవచ్చును. ఆదివారము సాయంకాలము మాత్రము చొక్కా తొడుగుకొని, మలుపు దాకా నడచి, రెండు బజ్జీలు కాగితములో వేయించుకొని, అచ్చటనే నిలిచి, తొందరపడక తిందును. మొన్నటి ఆదివారము బండివాడు నన్ను చూచి, "ఏం బాబుగారూ, ఈ మధ్య రోజూ రావటంలేదు, ఒంట్లో బాగుండటం లేదా?" అని ఆదరముతో అడిగి, మూడవది ఊరకనే పొట్లములో వేసినాడు. దానిని ఇంటికి తెచ్చితిని. మా మనుమడు తినెను.